కాడి పుండు ఎందుకు మానడం లేదు?

ప్రశ్న: మా ఎద్దు మెడ మీద కాడి పుండు పడి నెల దాటింది. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కడిగి, టింక్చర్ అయోడిన్ రాస్తున్నాను. మెడికల్ షాపులో ఇచ్చిన బీటామెథాసోన్ ఆయింట్‌మెంట్ కూడా పూశాను. వాపు తగ్గింది గానీ పుండు అలాగే ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీ శ్రద్ధలో లోపం లేదు, మందుల ఘాటే ఎక్కువైంది. పుండు అడుగున ఎర్రగా, సజ్జ గింజలు పరిచినట్టు కండ కనిపించి, తాకితే చుక్క రక్తం వస్తోందా? అది మంచి కండ. ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొల్లాజెన్ నార అల్లుతూ గుంతను పూడుస్తాయి. దాని మీదికి అంచుల్లోని చర్మకణాలు, చెరువు మీద నాచు కమ్మినట్టు, పాకుతూ వస్తాయి. అంచు చుట్టూ సన్నని తెల్లటి గీత ఏర్పడితే ఆ పని మొదలైనట్టే. పెరాక్సైడ్, టింక్చర్ క్రిములతో పాటు ఈ లేత కణాలనూ చంపుతాయి. బీటామెథాసోన్ స్టెరాయిడ్ కాబట్టి వాపుతో పాటు ఫైబ్రోబ్లాస్టుల పనినీ అణచేస్తుంది. మూడూ ఇవాళే ఆపండి.

లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలిపి, ఆ నీటితో పుండు కడగండి. చీము ఉన్నన్నాళ్లే పోవిడోన్ అయోడిన్ వాడాలి, అదీ పలుచగా: 5 శాతం మందు 10 మి.లీ. అర లీటరు నీటిలో కలిపితే లేత టీ రంగు వస్తుంది, అది చాలు. చీము తగ్గాక జింక్ ఆక్సైడ్ ఆయింట్‌మెంట్ పలుచగా పూయండి. పుండు ఎండి పెచ్చు కట్టనివ్వకండి, పెచ్చు కింద చర్మకణాలు పాకడం ఆలస్యమవుతుంది. మైలుతుత్తం అసలు చల్లవద్దు, మంచి కండను కాల్చేస్తుంది. వేపనూనె ఈగల కోసం చుట్టూ ఉన్న మంచి తోలుకే రాయండి.

పురుగులు పడితే టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డను కొద్ది నిమిషాలు పెట్టి, బయటికొచ్చినవి పట్టకారుతో ఏరి, ఉప్పునీటితో బాగా కడగాలి. పురుగులు పోయాక కూడా టర్పెంటైన్ పోస్తూ ఉంటారు చాలామంది. దానివల్లే పుండు మళ్లీ లోతవుతుంది.

పైన తోలు మూసుకుందని వెంటనే కాడి కట్టకండి. మూడు వారాల మచ్చకు మామూలు తోలు బలంలో అయిదో వంతే ఉంటుంది, రెండు రోజుల దున్నకానికే చిట్లుతుంది. ఈలోగా కాడి గరుకు చిత్రిక పట్టించి, మెడ ఆనే చోట మెత్తటి గోనె చుట్టండి.

పుండు కాడి ఆనని చోట, మూపురం మీద ఉండి, ఎద్దు అదే పనిగా రాసుకుంటుంటే అది ఫైలేరియా జాతి పురుగు వల్ల కావచ్చు. అప్పుడు పూత మందులతో కాలయాపన చేయకుండా పశువైద్యుడి చేత పుండు గీకుడు పరీక్ష చేయించండి.