అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఓటింగ్ లేకుండా నిర్ణయాలు కుదురుతాయా?

మీ అసోసియేషన్‌లో ప్రతి మీటింగూ గొడవతోనే ముగుస్తోందని, ఓటింగ్ మానేసి చిన్న గ్రూపులతో, అందరి సమ్మతితో నడపొచ్చా అని అడిగారు. నడపొచ్చండి. మా 48 ఫ్లాట్లలో మూడేళ్లుగా అలాగే నడుపుకుంటున్నాం.

మా తగువంతా నీళ్ల దగ్గరే. వేసవిలో బోరు ఎండిపోతే ట్యాంకర్ల ఖర్చు ఎలా పంచుకోవాలని ఓటింగ్ పెట్టాం. 26 మంది అటు, 22 మంది ఇటు. ఓడినవాళ్లు మెయింటెనెన్స్ కట్టడమే మానేశారు.

అప్పుడే సోషియోక్రసీ గురించి, అంటే ఓటింగ్ లేకుండా అందరి సమ్మతితో నిర్ణయాలు తీసుకునే పద్ధతి గురించి చదివాను. నెదర్లాండ్స్‌లో కేస్ బూకే 1926లో పెట్టిన బడిలో పిల్లలు, టీచర్లు కలిసి నిర్ణయాలు తీసుకునేవారు. అక్కడ చదివిన గెరార్డ్ ఎండెన్‌బర్గ్ తర్వాత తన ఎలక్ట్రికల్ కంపెనీలో ఆ పద్ధతికి ఒక రూపం తెచ్చాడు. ఇదంతా చెబితే మా మూడో ఫ్లోర్ ఆంటీ, "మా ఊళ్లో పొదుపు సంఘాలు ఇలాంటివే కదమ్మా, పది పదిహేను మందిమి కూర్చుని మాట్లాడుకుంటాం, మాలో ఇద్దరు గ్రామ సంఘానికి వెళ్తారు" అన్నారు. ఆ మాటతో అందరికీ విషయం సులభంగా అర్థమైంది.

నీళ్లు, లెక్కలు, సెక్యూరిటీ అని మూడు గ్రూపులు చేశాం. ఒక్కోదానిలో ఆరుగురు. ప్రతి గ్రూపు నుంచి ఇద్దరు కమిటీలో కూర్చుంటారు. ఒకరిని కమిటీ ఎంచుకుంటుంది, రెండోవారిని గ్రూపే పంపుతుంది. కమిటీ మాట కిందికి చేర్చే మనిషే గ్రూపు మాట కూడా పైకి మోయాలంటే కష్టం, అందుకే ఇద్దరు.

గ్రూపులో వంతులవారీగా మాట్లాడతాం. చివరి వంతులో అడిగే ప్రశ్న "మీకు నచ్చిందా?" అని కాదు, "దీనివల్ల మనకు నష్టం ఏమైనా కనిపిస్తోందా?" అని. నాకు తెలిసి అసలు తేడా ఇక్కడే ఉంది. ట్యాంకర్ ఖర్చు ఫ్లాట్‌కు సమానంగా వేద్దామన్నప్పుడు, జనరల్ బాడీలో ఎన్నడూ నోరు విప్పని ఒక పెద్దాయన తన వంతు రాగానే, "నేనొక్కణ్ణే ఉంటాను, ఆరుగురున్న ఇంటితో సమానంగా ఎలా కట్టను?" అన్నారు. ఆయన అభ్యంతరాన్ని అడ్డుపుల్లలా చూడకుండా ప్రతిపాదననే సరిచేశాం: సగం ఫ్లాట్ లెక్కన, సగం మనుషుల లెక్కన, రెండు నెలలు చూసి మళ్లీ కూర్చుందామని. రెండు నెలలే కదా అనేసరికి మొండిగా ఉన్నవాళ్లు కూడా సరేనన్నారు. తర్వాత చుట్టాలొస్తే లెక్క తప్పుతోందని తేలింది, అందరం ఒప్పుకుని మీటర్లు పెట్టించాం.

చిక్కులు లేవని కాదు. ఒకాయన ప్రతిదానికీ వద్దనేవారు. అభ్యంతరం చెప్పినవాళ్లు అందరికీ వచ్చే నష్టమేంటో చూపించాలని, సొంత ఇష్టాయిష్టాలు లెక్కలోకి రావని నియమం పెట్టుకున్నాక ఆ టెన్షన్ తగ్గింది. ఇంకోటి, రిజిస్టరైన అసోసియేషన్ అయితే బైలాస్ ప్రకారం కొన్నింటికి జనరల్ బాడీ ఓటింగ్ తప్పదు. మేం ముందు గ్రూపులో సమ్మతి కుదుర్చుకుని తర్వాతే అక్కడికి తీసుకెళ్తాం.

అన్నీ ఒకేసారి మార్చకండి. మీకు ఎక్కువ తలనొప్పిగా ఉన్న ఒక్క విషయానికే ఆరుగురితో గ్రూపు పెట్టండి. నీళ్లయితే జనవరిలోనే మొదలుపెట్టండి, ఏప్రిల్‌లో ట్యాంకర్ గేటు దగ్గర నిలబడ్డాక వంతులవారీగా మాట్లాడుకునే ఓపిక ఎవరికీ ఉండదు.