ఇంజిన్ రేకులకు పౌడర్ కోటింగ్: ఏది వేయించాలి?

గాలితో చల్లబడే పాత ఇంజిన్‌ను విప్పి కడుతున్నానని, ఫ్యాన్ తొడుగుకూ సిలిండర్ల చుట్టూ ఉండే రేకులకూ పౌడర్ కోటింగ్ (పొడి రంగును చల్లి, ఓవెన్‌లో కరిగించి పట్టించే పూత) వేయించాలంటే అధిక వేడిని తట్టుకునే ప్రత్యేక పౌడర్ అవసరమా అని అడిగారు. అవసరం లేదు, మామూలు పాలిస్టర్ పౌడరే వేయించండి. ఆ పౌడర్ ఓవెన్‌లో సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి గట్టిపడుతుంది. చల్లగాలిని మోసే రేకు ఇంజిన్ నడిచేటప్పుడు అంతగా వేడెక్కదు. సిలికోన్ రెసిన్‌తో చేసే అధిక ఉష్ణోగ్రత పౌడర్లు ఎగ్జాస్ట్ పైపుల కోసం ఉద్దేశించినవి. అవి పెళుసుగా ఉండి, స్పానర్ తగిలిన చోట పెచ్చులూడతాయి కనుక ఎగ్జాస్ట్‌ను ఆనుకొని ఉండే రేకులకే వాటిని పరిమితం చేయడం మంచిది. ఎపాక్సీ పౌడర్ నూనెనూ తుప్పునూ ఇంకా బాగా తట్టుకుంటుంది గానీ, ఎండ తగిలితే సుద్దలా పొడిబారుతుంది. బానెట్ కింద ఉండే ఇంజిన్‌కు అది ఇబ్బంది కాదు.

నా అనుభవంలో మాత్రం పౌడర్ రకం కంటే రేకును శుభ్రం చేసే పద్ధతే కోటింగ్ ఆయుష్షును నిర్ణయిస్తుంది. నా ఇంజిన్ ఫ్యాన్ తొడుగును కోటింగ్‌కు ఇచ్చినప్పుడు ఆ వర్క్‌షాప్ వారు రంగు గురించి తప్ప మరేమీ అడగలేదు. రెండు రేకులను స్పాట్ వెల్డింగ్‌తో కలిపిన ఆ తొడుగు అతుకులలో ఏళ్ల తరబడి ఇంజిన్ ఆయిల్ ఇంకిపోయి ఉంది. పైపైన బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో రజనును ఎగజిమ్మి రేకును గీకి శుభ్రం చేయడం) చేసి పౌడర్ చల్లి ఓవెన్‌లో పెట్టేసరికి, వేడికి ఆ ఆయిల్ ఉబికి వచ్చి అతుకు పొడవునా బుడగలూ సూదిమొన రంధ్రాలూ మిగిలాయి. అంతకంటే ప్రమాదకరమైనది లోపల ఉంది. తొడుగును తలకిందులు చేసి చెక్క సుత్తితో తడితే, గాలిని మళ్లించే లోపలి రేకుల వెనుక నుంచి బ్లాస్టింగ్ రజను జలజల రాలింది. దాన్ని అలాగే బిగించి ఉంటే, ఫ్యాన్ తిరగగానే ఆ రజనంతా ఆయిల్ కూలర్ రెక్కల మధ్యకు చేరేది.

రెండోసారి మరొకచోట చేయించాను. వారు పాత పూత తీసి, సాల్వెంట్‌తో కడిగి, పౌడర్ చల్లకముందే రేకును పౌడర్ గట్టిపడే వేడికి కాస్త ఎక్కువగానే కాల్చి, పొగ రావడం ఆగేవరకూ ఉంచారు. ఆ తర్వాతే బ్లాస్టింగ్, గాలితో ఊదడం, పౌడర్ గట్టిగా పట్టేందుకు వేసే ఫాస్ఫేట్ పూత, పౌడర్ వరుసగా జరిగాయి. ఆ కోటింగ్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సొట్టలను మామూలు పుట్టీతో పూడ్చిన రేకును గానీ, సీసం తగరం టంకంతో అతికిన రేకును గానీ ముందే చెప్పకుండా ఓవెన్‌కు పంపకండి; ఆ టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది.

మందంగా వేస్తే ఎక్కువ కాలం మన్నుతుందని కొందరు వర్క్‌షాప్ యజమానులు గొప్పగా చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది. 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చాలు. అంతకు మించితే బోల్టు రంధ్రాలు బిగుసుకుపోయి, బిగించగానే చుట్టూ పూత పగులుతుంది. తుప్పు నిజంగా మొదలయ్యేది పదునైన అంచుల దగ్గర. కరిగిన పౌడర్ అంచు నుంచి వెనక్కి జారి అక్కడ పలచబడుతుంది కనుక, అంచులను ఆకురాయితో గుండ్రంగా రాయించాకే ఇవ్వండి. నలుపు వేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందనే మాటను కూడా నమ్మనవసరం లేదు. ఆ వేడి దగ్గర తెల్ల పౌడరూ నల్ల పౌడరూ దాదాపు ఒకేలా వేడిని వెదజల్లుతాయి, పైగా అక్కడ వేడిని మోసుకుపోయేది ఫ్యాన్ గాలే. ఎర్త్ వైర్ బిగించే చోటునూ మరలున్న రంధ్రాలనూ మాత్రం పూత పడకుండా వేడిని తట్టుకునే టేపుతో, సిలికోన్ బిరడాలతో మూయించండి.