కూత వినిపించకు

తమ్ముడూ,

నీ దెయ్యం సినిమా స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి పర్లాకిమిడి నుంచి వస్తూ బస్సులో, రెండోసారి ఇంట్లో అందరూ పడుకున్నాక లైటు తగ్గించుకుని మరీ. రెండుసార్లూ భయం వెయ్యలేదు. అలాగని కథ బాలేదని కాదు. ఒడిశా గుణుపురంలో రైలు కట్ట పక్కన ఇల్లు, ఎప్పుడో ఆగిపోయిన నేరోగేజ్ బండి, అదే చిన్న పట్టాల బండి, కూత రాత్రిళ్ళు వినపడటం... ఈ ఊహ నాకు రాలేదే అని కాస్త కుళ్ళుకున్నాను కూడా. కానీ ఆ కూతని మూడో పేజీలోనే పెట్టేశావు. అప్పటికి ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా నాకు తెలీదు, ఇక వాళ్ళకి ఏమైతే నాకేంటి?

నెమ్మదిగా నడిచే దెయ్యం సినిమా అంటే మొదటి గంట ఏమీ జరగని సినిమా అనుకున్నట్టున్నావు. ఖాళీ వరండా, దానంతటదే ఊగే ఉయ్యాల, పొగమంచులో మహేంద్రగిరి కొండ, అవన్నీ కెమెరామన్ చూసుకుంటాడు. నీ పని ఆ ఇంటి అలవాట్లు చూసేవాడికి కంఠతా వచ్చేలా చెయ్యడం. 2001లో వచ్చిన 'ది అదర్స్' చూశావా? పిల్లలకి వెలుతురు పడదు, అందుకని ఒక తలుపు తాళం వెయ్యకుండా ఇంకో తలుపు తియ్యకూడదని తల్లి కొత్త పనివాళ్ళకి మొదట్లోనే చెప్పేస్తుంది. వినడానికి చాదస్తంలా ఉంటుంది. ఆ రూలు మన బుర్రలోకి ఎక్కాక మాత్రం, తెరిచి ఉన్న ఒక్క తలుపు కనపడితే చాలు, టెన్షన్ మొదలు.

మరి నీ ఇంట్లో రూలు ఏది? ఉంది, నువ్వే గమనించుకోలేదు. మామ్మ! ఏళ్ళ తరబడి తెల్లవారుజామున బండి కూత విని లేచి పొయ్యి వెలిగించిన మనిషి. 2004లో ఆ బండి ఆపేశారు, పెద్ద లైను వేసి గుణుపురానికి మళ్ళీ రైలు తెచ్చేసరికి 2011. నువ్వేమో కథని ఇప్పటి రోజుల్లో పెట్టావు, ఇప్పుడు కూత వినపడితే ఏదో రైలులే అని దుప్పటి ముసుగేసుకుంటారు. 2008కి జరుపు. అప్పుడు అక్కడ కూత పెట్టడానికి బండే లేదు.

ఇక సీన్లు. మొదటిసారి మామ్మ నాలుగింటికి లేచి అగ్గిపెట్టె కోసం తడుముకుంటుంది. "బండి పోయి నాలుగేళ్ళైంది, పడుకో అత్తా" అంటుంది కోడలు. ముసలావిడ నవ్వేసి టీ పెట్టేస్తుంది. నవ్వొచ్చే సీను అది, రానీ. రెండోసారి రెండున్నరకే లేస్తుంది, "ఇవాళ ముందొచ్చిందే" అని గొణుక్కుంటుంది, అంతే, మ్యూజిక్ వద్దు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ప్రేక్షకుడు గోడ గడియారం వైపు చూస్తాడు.

కూత మాత్రం సినిమా మొత్తంలో ఎక్కడా వినిపించకు. బండి ఆగిపోయాక పుట్టిన మూడేళ్ళ పిల్ల అగ్గిపెట్టెలు వరసగా పేర్చి ఆడుకుంటూ నోటితో ఆ కూత పెడుతుంది. అదే పొడుగు, అదే విరుపు. మామ్మ చేతిలో గరిట ఆగిపోతుంది. 1963 నాటి 'ది హాంటింగ్'లో దెయ్యం ఒక్కసారీ కనపడదు, మూసిన తలుపు లోపలికి ఉబ్బుతుంది, దాని వెనక ఓ మనిషి నిలబడి నెట్టాడు, అంతే ఖర్చు. కాబట్టి గ్రాఫిక్స్‌కి డబ్బుల్లేవని నా దగ్గర ఏడవకు.

ఇల్లు వదిలి ఎందుకు పోరంటావా, ఆ ఇంటి మీద అప్పు పెట్టు, చాలు.

క్లైమాక్సు మీద మాత్రం నాకు కోపమొచ్చింది. సవర గిరిజనుల ఊరి నుంచి ఒకణ్ణి తెచ్చి, వాడే చిల్లంగి, అదే చేతబడి, పెట్టాడని తేల్చావు. తీసెయ్. ఆ అనుమానంతోనే మన చుట్టుపక్కల మనుషుల్ని కొట్టి చంపారు, దాన్ని ఆపడానికి ఒడిశా 2013లో చట్టమే చేసింది. పోయినవాళ్ళ కోసం గోడ మీద బొమ్మలు వేసుకుని, వాళ్ళతో మాటామంతీ పెట్టుకునే మనుషుల్ని నువ్వు విలన్లని చేస్తే ఎలా? పైగా దోషి దొరికాక భయపడటానికి ఏముంది, పట్టుకుని తన్నడమేగా.

ఇంకోటి, ఆ డైలాగులు ఏ సీరియల్లోంచి తెచ్చావు? మీ అమ్మ నిన్ను తిట్టే తెలుగు రాయి. పిల్ల అగ్గిపెట్టెల్ని బడికెళ్ళే అన్న దగ్గర నేర్చుకున్న ఒడియాలో లెక్కపెట్టనీ, ఎక, దుయి, తిని అంటూ. మొదటిసారి ఐదు ఉంటాయి. మామ్మ పొయ్యి దగ్గర అగ్గిపెట్టె కనపడని రోజున కూడా ఐదే ఉండాలి, ఆరు కాదు. ఆ లెక్క తేడా ఎవరి చేతా చెప్పించకు.

దసరా లోపు తిరగరాసి పంపు, ప్రింటు తీసి పంపు. ఫోన్లో చదవలేక చస్తున్నాను.

అన్నయ్య