బెర్లిన్ మారథాన్ ఆదివారం: ఊరు ఎందుకు ఆగుతుంది, మీరెక్కడ నిలబడాలి

సందేహం: అన్నయ్యా, నేను, మా ఆవిడ బెర్లిన్ వచ్చి రెండు నెలలయింది. షోనెబెర్గ్‌లో ఉంటున్నాం. సెప్టెంబర్ చివరి ఆదివారం మారథాన్ ఉందని, మా వీధి మూసేస్తారని కింద గుమ్మం దగ్గర కాగితం అంటించారు. సరిగ్గా ఆ రోజే మా అత్తగారు, మామగారు ఇండియా బయల్దేరుతున్నారు. సాయంత్రం నాలుగున్నరకు ఫ్లైట్. టాక్సీ దొరకదని అందరూ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఒక పరుగు పందెం కోసం ఊరంతా బంద్ పెడతారా?

ముందు ఫ్లైట్ సంగతి. టాక్సీ మీద ఆశ పెట్టుకోకండి. మారథాన్ దారి ఊరి నడుమ మెలికలు తిరుగుతూ 42 కిలోమీటర్ల పైచిలుకు సాగుతుంది. దాని లోపల చిక్కిన కారు బయటికి రాలేదు, బయట ఉన్నది లోపలికి పోలేదు. బస్సులు, ట్రాములు కూడా చాలాచోట్ల ఆగిపోతాయి, లేదంటే దారి మళ్ళుతాయి. ఊ-బాన్ (భూగర్భ రైళ్ళు), ఎస్-బాన్ (ఊళ్ళో తిరిగే లోకల్ రైళ్ళు) మాత్రం నడుస్తాయి. మీకు జూడ్‌క్రాయిజ్ స్టేషన్ దగ్గర. అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్ట్‌కి నేరుగా రైళ్ళున్నాయి, లిఫ్టులూ ఉన్నాయి. శనివారం రాత్రే యాప్‌లో చూసుకోండి. వారాంతాల్లో పట్టాల పనులు పెట్టి, రైలు బదులు బస్సు వేయడం ఇక్కడ మామూలే.

మీ ఇంటికీ స్టేషన్‌కీ మధ్య మారథాన్ దారి అడ్డొస్తే రోడ్డు దాటడం కష్టం. ఊ-బాన్ స్టేషన్ మెట్లు దిగి అవతలి వైపు ఎక్కడమే ఉపాయం. కాకపోతే ఇరవై మూడేసి కిలోల పెట్టెలతో పెద్దవాళ్ళను మెట్లు దింపించకండి. అవతలి వైపు మనవాళ్ళెవరైనా ఉంటే శనివారమే పెట్టెలు వాళ్ళింట్లో పెట్టేసి రండి.

ఇక రెండో ప్రశ్న. ఒక పరుగు పందెం కోసం ఊరంతా బంద్ పెడతారా అని మీరడిగిన మాటే వచ్చిన కొత్తలో నేనూ అన్నాను, మీకంటే కోపంగా. మేం ఇల్లు మారడానికి ఏరికోరి ఆ ఆదివారమే పెట్టుకున్నాం. గంటల లెక్కన వ్యాన్ అద్దెకు తీసుకుని, నోయికోల్న్‌లో సామాను ఎక్కించుకుని వస్తుంటే హెర్మన్‌ప్లాట్జ్ దగ్గర ఇనప కంచెలు అడ్డం. కంచె అవతల నేల ఈనినట్టు జనం పరుగెత్తుతున్నారు. వెనక్కి తిప్పుదామంటే వెనకా కార్లే. విరుగుతుందేమోనని భయపడి ప్రెషర్ కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది మా ఆవిడ. ఏమీ తోచక ఇద్దరం దిగి కంచె దగ్గరికి వెళ్ళాం.

పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దావిడ అల్యూమినియం గిన్నె మీద చెక్క గరిటెతో వాయిస్తోంది. మా ఆవిడ చంకలో కుక్కర్ చూసి, దాని మూత బాగా మోగుతుంది, అలా ఊరికే పట్టుకుంటావేం అని సైగ చేసింది. ఆ పూట రెండు గంటలు కుక్కర్ మూత వాయించాం. మధ్యమధ్యలో, మా వచ్చీరాని జర్మన్‌కి అందేలా నెమ్మదిగా, ఆవిడ తన సంగతి చెప్పింది. తాను తూర్పు బెర్లిన్ మనిషి. 1990లో ఇదే మారథాన్ రోజున బ్రాండెన్‌బర్గ్ గేట్ దగ్గర నిలబడిందట. ఎవరినీ ఉత్సాహపరచలేదట, ఊరికే నిలబడి ఏడ్చిందట. ఎందుకో నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. తర్వాత చదువుకున్నాను, అడిగి తెలుసుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ ఊరి గురించి చెప్పాల్సి వస్తే నేను ఈ పరుగుతోనే మొదలుపెడతాను.

దీన్ని మొదలుపెట్టింది సర్కారూ కాదు, పెద్ద కంపెనీ కూడా కాదు. హోర్స్ట్ మిల్డే అనే ఆయన. బేకరీ ఆయన వృత్తి, పరుగు ఆయన పిచ్చి. 1964లోనే టాయ్‌ఫెల్స్‌బర్గ్ గుట్ట దగ్గర మామూలు జనం కోసం పరుగు పెట్టించాడు. యుద్ధంలో కూలిన ఇళ్ళ ఇటుకలూ రాళ్ళూ తెచ్చి పోయగా పోయగా లేచిన గుట్ట అది. పదేళ్ళ తర్వాత, 1974 అక్టోబర్ 13న, షార్లొటెన్‌బుర్గ్ క్రీడాసంఘం తరఫున మొదటి మారథాన్ జరిపించాడు. అప్పట్లో ఊరి నడిబొడ్డు కాదు, గ్రూనెవాల్డ్ అడవి పక్కన మోమ్‌సెన్ స్టేడియం దగ్గర. బయల్దేరింది 286 మంది, చివరిదాకా వచ్చింది 244 మంది. మగవాళ్ళలో గ్యుంటర్ హల్లాస్ 2 గంటల 44 నిమిషాల 53 సెకన్లలో, ఆడవాళ్ళలో యూటా ఫొన్ హాజె 3 గంటల 22 నిమిషాల 1 సెకనులో గెలిచారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు మారథాన్ వచ్చింది 1984లో. ఇక్కడ మొదటి ఏడాదే పరుగెత్తారు. ఈ సంగతి మా అమ్మాయికి నేను చాలాసార్లు చెప్పాను.

ఏడేళ్ళు అలా అడవి అంచునే సాగింది. పశ్చిమ బెర్లిన్ అంటే అప్పుడు చుట్టూ తూర్పు జర్మనీ కట్టిన 155 కిలోమీటర్ల గోడతో దీవిలాంటిది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాలు అక్కడే ఉండేవి. పెద్ద రోడ్లు కార్లకేగాని కాళ్ళకు కాదని పోలీసులు ససేమిరా అనేవారు. 1981 వసంతంలో ఫ్రెంచ్ సైన్యం వాళ్ళు ఊళ్ళో 25 కిలోమీటర్ల పరుగు జరిపించారు. ఆ తోవ దొరికాక మిల్డే వదల్లేదు. ఆ సెప్టెంబర్‌లోనే మారథాన్ అడవి దాటి ఊళ్ళోకి వచ్చింది. రైష్‌టాగ్ అనే పార్లమెంటు భవనం ముందు మొదలు. ఆ భవనం వెనకాలే గోడ. పేరిచ్చినవాళ్ళు ఒక్కసారిగా మూడు వేల నాలుగు వందలు దాటారు, 30 దేశాల నుంచి వచ్చారు.

అయినా అది సగం ఊరే. అవతలి సగానికి పోవాలంటే గోడ అడ్డం. బ్రాండెన్‌బర్గ్ గేట్ కళ్ళకు కనిపిస్తుంది, దాని కిందుగా నడిచే వీల్లేదు. గోడ ఉన్న ఇరవై ఎనిమిదేళ్ళూ అలాగే గడిచాయి. 1989 నవంబర్ 9న గోడ తెరుచుకుంది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 30న, రెండు జర్మనీలు అధికారికంగా కలవడానికి ఇంకా మూడు రోజులుందనగా, సుమారు 25 వేల మంది ఆ గేట్ కిందుగా తూర్పు వైపుకు పరుగెత్తారు. ఎందరో అక్కడికి రాగానే వేగం తగ్గించారు. కొందరు నడిచారు, కొందరు ఆగి పక్కవాళ్ళను కావలించుకుని ఏడ్చారు. మారథాన్‌లో మొదటి కిలోమీటర్లలో ఎవరూ ఆగరు, టైమ్ పోతుంది. ఆ రోజు టైమ్ ఎవరికీ పట్టలేదు. మా పెద్దావిడ నిలబడింది అక్కడే.

ఆ ఏడాది మగవాళ్ళలో ఆస్ట్రేలియా రన్నర్ స్టీవ్ మొనెగెట్టి గెలిచాడు. ఆడవాళ్ళలో ఊటా పిపిగ్. లైప్‌జిగ్‌లో పుట్టి, తూర్పు జర్మనీలో పరుగు నేర్చుకుని, అదే సంవత్సరం మొదట్లో పశ్చిమానికి వచ్చేసిన అమ్మాయి ఆమె. ఈ నగరం మొదటిసారి ఒక్కటిగా పరుగెత్తిన రోజున గెలుపు ఆమెది కావడం నాకు ఎప్పటికీ మరపురాని విషయం.

రికార్డుల సంగతి మీరు వినే ఉంటారు. ఊరు బల్లపరుపుగా ఉంటుంది, ఆ నెలలో చలి మితంగా ఉంటుంది, ముందుండి వేగం పట్టించే రన్నర్లను పెడతారు. అందుకే ప్రపంచ రికార్డులు ఇక్కడ వరసగా పడ్డాయి. 2001లో జపాన్ రన్నర్ నావోకో తకహషి 2 గంటల 20 నిమిషాల లోపు పూర్తిచేసిన మొదటి మహిళ అయింది. 2003లో పాల్ టెర్గాట్ 2:04:55కు వచ్చాడు, వెనకాల సామీ కొరిర్ ఒక్క సెకను తేడాతో. హైలే గెబ్రెసెలాసీ 2007లోనూ, 2008లోనూ. ఎలియుడ్ కిప్‌చోగే 2018లో 2:01:39, 2022లో 2:01:09. 2023లో ఇథియోపియా టిగిస్ట్ అసెఫా 2:11:53. 2020లో కోవిడ్ వల్ల జరగలేదు. 2024లో యాభయ్యో మారథాన్‌ను 54 వేల మందికి పైగా పూర్తిచేశారు. మొదటి ఏడాది పూర్తిచేసింది 244 మందే.

ఇప్పుడు పరుగు మొదలయ్యే రోడ్డు పేరు జూన్ 17 వీధి. 1953లో ఆ రోజున తూర్పు జర్మనీలో కార్మికులు తిరగబడ్డారు, ఆ గుర్తుకు పెట్టిన పేరు. అక్కడ మొదలుపెట్టి, తూర్పు వైపు ఊరు చుట్టి, క్రాయిజ్‌బెర్గ్, నోయికోల్న్, మీ షోనెబెర్గ్ మీదుగా పడమటికి వెళ్ళి, కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డామ్ పట్టుకుని, చివరికి ఊంటర్ డెన్ లిండెన్ మీదుగా తిరిగి ఆ గేట్ కిందికే వస్తారు. గోడ ఉన్న చోటు ఎన్నిసార్లు దాటతారో కాళ్ళకు తెలియదు. కొన్నిచోట్ల రోడ్డులో రెండు వరసల రాళ్ళు పరిచి గోడ జాడ చూపిస్తారు. ముందు రోజు వెళ్ళి ఆ రాళ్ళు ఒకసారి చూసి రండి. తర్వాత పరుగు చూస్తే వేరుగా కనిపిస్తుంది.

వచ్చే ఏడాది మీరే పరుగెత్తాలనిపిస్తే, నాలుగు మాటలు. ఎక్కువమందికి చోటు లాటరీలోనే దొరుకుతుంది. దరఖాస్తు ఈ ఏడాది పరుగు అయిపోయాక శరత్కాలంలోనే తెరుస్తారు, ఎండాకాలం దాకా ఆగితే చేతులెత్తేయాల్సిందే. చోటు రాకపోతే సేవాసంస్థల కోసం విరాళాలు పోగుచేసే దారి ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో ‘నా నంబర్ అమ్ముతాను’ అనేవాళ్ళ జోలికి మాత్రం పోకండి. నంబర్ ఇంకొకరికి మార్చుకునే వీలుండదు. పాస్‌పోర్ట్ చూపించి ఎవరిది వాళ్ళే తీసుకోవాలి, చేతికి పట్టీ కూడా కడతారు. మనవాడొకడు అలా డబ్బిచ్చి మోసపోయి, ఏడుపు ముఖంతో మా ఇంటికొచ్చాడు. పూర్తిచేయడానికి ఆరుంబావు గంటల గడువు. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగిన కాళ్ళకు ఈ దారి తేలికే. అయినా ముందు వసంతంలో జరిగే బెర్లిన్ హాఫ్ మారథాన్ చేసి చూడండి. ఇంకొకటి, బ్రాండెన్‌బర్గ్ గేట్ ముగింపు గీత కాదు. అది దాటాక ఇంకా నాలుగు వందల మీటర్లు ఉంటుంది. గేట్ చూసి ఉన్న బలమంతా అక్కడే ఖర్చు పెట్టేసి, చివర్లో కాళ్ళీడ్చేవాళ్ళను ఏటా చూస్తాను.

పరుగెత్తకపోయినా వాలంటీర్‌గా చేరండి. డబ్బులు రావు. కానీ కొత్తగా వచ్చినవాళ్ళకు జర్మన్ మాట్లాడే ధైర్యం ఒక్క పూటలో అంతగా వచ్చే చోటు నాకింకోటి తెలియదు. నేను నాలుగుసార్లు నీళ్ళ దగ్గర నిలబడ్డాను. మన తిరునాళ్ళ చలివేంద్రమే అనుకోండి. కప్పు అంచు పైన పట్టుకోకూడదు, అరచేయి చాపి దానిమీద పెట్టాలి, పరుగెత్తేవాళ్ళు లాక్కునిపోతారు. అరగంటలో మోచేతుల దాకా తడిసిపోతుంది, కాళ్ళకింద కప్పులు పటపటలాడతాయి. గోరువెచ్చని టీ కూడా ఇస్తారు, అరటిపండు ముక్కలూ ఇస్తారు. మూడో గంట తర్వాత వచ్చేవాళ్ళు ఆగి, కళ్ళలోకి చూసి, డాంకె (థాంక్స్) అని తాగుతారు. నాకు ఇష్టమైనవాళ్ళు వాళ్ళే.

చూడటానికైతే కోట్‌బుసర్ టోర్ దగ్గర డప్పుల హోరు బాగుంటుంది. ఇరవై ఎనిమిదో కిలోమీటర్ దగ్గర వీల్డర్ ఎబర్ కూడలి, అంటే అడవిపంది కూడలి, ఏళ్ళుగా గోలకు పేరుపడింది. మీకు ఈసారి అంత దూరం వద్దు. సగం దూరం దాటేది మీ షోనెబెర్గ్ చుట్టుపక్కలే. తొమ్మిదిన్నరకల్లా అత్తగారికి ఒక స్టీలు పళ్ళెం, మామగారికి ఒక గరిటె ఇచ్చి వీధి చివరికి తీసుకెళ్ళండి. వీల్‌చెయిర్ల మీద పోటీ పడేవాళ్ళు ముందొస్తారు, తర్వాత ముందువరస రన్నర్లు, ఆ తర్వాత మామూలు జనం. నంబర్ కింద పేరు రాసి ఉంటుంది. అందులో మన పేరేదైనా కనిపిస్తే గట్టిగా తెలుగులోనే పిలవండి. తల తిప్పి చూసినప్పుడు ఆ ముఖం ఎలా వెలుగుతుందో అత్తగారు ఊరెళ్ళి చెప్పుకుంటారు. పన్నెండింటికి మాత్రం అందరూ జూడ్‌క్రాయిజ్ దారి పట్టాలి.