క్యాంపు ఉద్యోగంలో జీతం ఎవరి ఖజానాది?

ఉదయగిరి దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన సందేహం ఇది. డిగ్రీ అయిపోయిందట. కువైట్ మీదుగా ఏదో దేశంలోని అమెరికన్ సైనిక శిబిరంలో గోడౌన్ పని ఉందని, లక్షన్నర కట్టాలని ఏజెంటు చెబుతున్నాడట. కంపెనీ పేరేమిటని అడిగితే "ఏంది సామీ, అమెరికా మిలిటరీ అంటే చాల్లేదా?" అన్నాడట. బత్తాయి తోట మీద అప్పు తెచ్చి ఆ డబ్బు సర్దుతానని వాళ్ల నాన్నగారు అంటున్నారట.

నాది వింజమూరు. 2003లో కువైట్ వచ్చి, సైనిక శిబిరాలకు భోజనాలు సరఫరా చేసే ఒక సబ్ కాంట్రాక్టు కంపెనీలో ఆరేళ్లు లెక్కలు రాశాను. ఇలాంటి కంపెనీలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా అందులో చేరడమంటే లోతు తెలియని బావిలో దిగడమేనని ఆ ఆరేళ్లలో నాకు బోధపడింది.

మెస్సు గుమ్మం దగ్గర ఒక కుర్రవాడు చేతిలో చిన్న లెక్క మిషను పట్టుకుని, లోపలికి వెళ్లే ఒక్కొక్క సైనికుడికి ఒక్కొక్క నొక్కు నొక్కేవాడు. ఆ రోజు బిల్లుకు ఆ అంకే ఆధారం. మా బిల్లు పై కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి అమెరికా సైన్యానికి వెళ్లేది. ఒకసారి కూలీల పద్దులు సరిచూస్తుంటే నా పేరు ఎదుట నెలకు 1,100 డాలర్లు అని కనిపించింది. నా చేతికి వచ్చేది 120 దినార్లు, అంటే నాలుగు వందల డాలర్ల చిల్లర. మిగిలినదంతా నాకూ ఆ సైన్యానికీ నడుమనున్న మూడు కంపెనీలు పంచుకున్నాయి. అన్నాళ్లూ నా పాస్‌పోర్టు మేనేజరు గారి ఇనప్పెట్టెలోనే ఉండేది.

ప్రైవేటు సైనిక సంస్థలకు, వాటి వెంట నడిచే సరఫరా సంస్థలకు ఆదాయం ప్రధానంగా ఏదో ఒక ప్రభుత్వ బడ్జెట్ నుంచే వస్తుంది. ఇరాక్ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి వంట, బట్టలుతుకు, రవాణా వంటి పనులన్నీ చూసిన కేబీఆర్ సంస్థకు ఖర్చు మొత్తం తిరిగి ఇచ్చి, దాని మీద ఒక శాతం ఖాయంగానూ, పనితీరును బట్టి మరో రెండు శాతం వరకూ ఇచ్చే పద్ధతి ఉండేది. ఖర్చు పెరిగేకొద్దీ లాభమూ పెరిగే ఏర్పాటు ఇది. వడ్డించిన భోజనాల కంటే ఎక్కువ భోజనాలకు బిల్లు వేశారని 2004లో పెంటగాన్ ఆడిటర్లు ఆ సంస్థను పట్టుకున్నప్పుడు, లెక్క మిషను చూసినవాణ్ణి గనుక నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. ఇరాక్, అఫ్గానిస్థాన్ కాంట్రాక్టుల్లో 3,100 కోట్ల నుంచి 6,000 కోట్ల డాలర్ల దాకా దుబారాకు, మోసాలకు పోయిందని అమెరికా కాంగ్రెస్ నియమించిన కమిషన్ 2011లో తేల్చింది.

ఇక రాజకీయ బంధుత్వాల సంగతి. 1992లో డిక్ చెనీ అమెరికా రక్షణ మంత్రిగా ఉండగా ఈ సరఫరా పనుల తొలి పెద్ద కాంట్రాక్టు బ్రౌన్ అండ్ రూట్‌కు దక్కింది. 1995లో ఆయన దాని మాతృసంస్థ హాలిబర్టన్‌కు సీఈఓ అయ్యారు. 2001లో ఉపాధ్యక్షుడయ్యారు, అదే ఏడాది చివర ఆ కాంట్రాక్టు మళ్లీ బ్రౌన్ అండ్ రూట్ గూటికే చేరింది, అప్పటికి ఆ సంస్థ పేరు కేబీఆర్. ఆయన ఫోను చేసి చెప్పారని నేననను. అంత అవసరం పడి ఉండదనే నా అనుమానం. ఆయుధాలు పట్టే ప్రైవేటు కాపలా సంస్థ బ్లాక్‌వాటర్‌ది మరో దారి. ఎరిక్ ప్రిన్స్ 1997లో తండ్రి ఆస్తితో దాన్ని పెట్టారు. ఆ కుటుంబం రిపబ్లికన్ పార్టీకి పేరున్న దాత, ఆయన అక్క బెట్సీ డెవోస్ తరువాతి కాలంలో విద్యా మంత్రి అయ్యారు. బాగ్దాద్‌లో అమెరికా ప్రతినిధి పాల్ బ్రెమర్‌కు కాపలా కాసే సుమారు 2.7 కోట్ల డాలర్ల పని 2003లో టెండరు లేకుండానే ఆ సంస్థకు వచ్చింది. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో దాని మనుషులు 17 మంది పౌరులను కాల్చి చంపారు. శిక్ష పడిన నలుగురికి 2020 డిసెంబరులో ట్రంప్ క్షమాభిక్ష ఇచ్చారు.

రష్యాలో ఇదే వ్యవహారం ఇంకా బాహాటంగా సాగింది. వాగ్నర్ అనే ప్రైవేటు సైన్యంతో ప్రభుత్వానికి సంబంధం లేదని ఏళ్ల తరబడి చెప్పిన పుతిన్, 2023 జూన్‌లో దాని అధిపతి ప్రిగోజిన్ తిరుగుబాటు చేశాక, 2022 మే నుంచి ఏడాదిలో దానికి 8,600 కోట్లకు పైగా రూబుళ్లు ఖజానా నుంచే ఇచ్చామని తానే ప్రకటించారు. ప్రిగోజిన్ కూడా సైన్యానికి భోజనాల కాంట్రాక్టరే. దొరవారి దయ తప్పిన రెండు నెలలకు విమానం కూలి ఆయన పోయారు.

ఈ పెద్దల గొడవ మనకెందుకనుకోవద్దు. పైన కాంట్రాక్టు చేతులు మారితే కింద జీతం ఆగేది మనకే. 2004 ఆగస్టులో ఇరాక్‌లో తీవ్రవాదులు చంపిన 12 మంది నేపాలీ కుర్రవాళ్లలో చాలామంది జోర్డాన్ హోటల్లో పని అని నమ్మి బయలుదేరినవాళ్లు. వాళ్లను అమెరికన్ స్థావరంలో పనికి తరలిస్తుండగా ఆ ఘోరం జరిగింది. 2023-24లో, సహాయకుల ఉద్యోగమని రష్యాకు తీసుకెళ్లిన మనవాళ్లను సైన్యంలో కలిపి యుద్ధానికి పంపారు, హైదరాబాదు యువకుడొకరు అక్కడ ప్రాణం పోగొట్టుకున్నారు.

అమెరికా ఎన్నికల్లో చందా ఇవ్వవచ్చా అని వర్జీనియా నుంచి హెచ్1బి వీసా మీదున్న ఒక అమ్మాయి అడిగిన సందేహానికీ ఇక్కడే జవాబు చెబుతాను. గ్రీన్ కార్డు లేని విదేశీయులు అమెరికా ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ చందా ఇవ్వకూడదు. రక్షణ కాంట్రాక్టు సంస్థలో పనిచేసే స్నేహితులు విందుకు పిలిచి చెక్కు రాయమన్నా రాయవద్దు.

తమ్ముడూ, ఇప్పుడు నీ విషయం. పై కాంట్రాక్టరు పేరు, అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు సంఖ్య, డిఫెన్స్ బేస్ యాక్ట్ అనే అమెరికా బీమా చట్టం కింద నీకు బీమా చేసే కంపెనీ పేరు, ఈ మూడూ ఆ ఏజెంటును కాగితం మీద రాసివ్వమను. 1941 నాటి ఆ చట్టం ఏ దేశస్థుడికైనా, సబ్ కాంట్రాక్టు కూలీకైనా వర్తిస్తుంది. గాయమైతే ఏడాదిలోగా దావా వేయాలి. ఆ సంగతి తెలియక మా మెస్సులో చెయ్యి కాల్చుకున్న మనిషి ఒట్టి చేతులతో ఊరికి వెళ్లిపోయాడు. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఉద్యోగి దగ్గర నియామకపు రుసుము తీసుకోవడం, పాస్‌పోర్టు లాక్కోవడం నిషిద్ధం. మన దేశపు నిబంధన ప్రకారమైనా ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి అడగకూడదు. లక్షన్నర అడిగినవాడికి మన కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు చూడు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందామంటే ఒప్పుకోవద్దు.

అతను రాసిచ్చిన కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపు. ఆ కాంట్రాక్టు సంఖ్యను అమెరికా ప్రభుత్వ ఖర్చుల వెబ్‌సైటులో ఎవరైనా వెతకవచ్చు, నేనే చూసి చెబుతాను. తోట కాగితాలు అందాకా ఇంట్లోనే ఉంచమని నాన్నగారికి చెప్పు.