డయలప్ కనెక్ట్ అవుతోంది, ఐపీ వస్తోంది, పేజీలు మాత్రం తెరుచుకోవట్లేదు: సమాధానం

డయలప్‌లో ఐపీ వచ్చినా పేజీలు తెరుచుకోవట్లేదని అడిగారు. మోడెమ్ తప్పేమీ లేదు. పీపీపీ0కి (డయలప్ కనెక్షన్‌కి సిస్టమ్ పెట్టే పేరు) ఐపీ వచ్చిందంటే డయలింగ్, లాగిన్ రెండూ సరిగ్గానే అయ్యాయి. తిరుపతి ఆఫీసులో స్టాటిక్ ఐపీతో (మారని, చేత్తో పెట్టిన అడ్రస్‌తో) వాడిన డెబియన్ లినక్స్ సిస్టమ్‌నే చిత్తూరు బ్రాంచికి తెచ్చామన్నారు కదా, చిక్కంతా అక్కడే. ఈథ్0లో, అంటే నెట్‌వర్క్ కార్డులో, పాత గేట్‌వే (బయటి నెట్‌కి పంపే రూటర్ అడ్రస్) ఇంకా ఉంది. అది ఉన్నంతవరకు డయలప్ నడిపే ప్రోగ్రామ్ పీపీపీడీ తన డిఫాల్ట్ రూట్ (నెట్‌కి వెళ్లే మామూలు దారి) వేయదు. అందుకే పేజీల అభ్యర్థనలు పాత దారికే పోతున్నాయి. సిస్‌లాగ్‌లో (సిస్టమ్ సందేశాలు రాసుకునే ఫైల్) "నాట్ రీప్లేసింగ్ డిఫాల్ట్ రూట్" అనే అర్థంతో ఒక లైను ఉంటుంది, చూడండి. చాలామంది ఆ లైను దాటేసి మోడెమ్ మార్చేస్తారు, డబ్బు దండగ.

1. కనెక్షన్ కట్ చేయండి.

2. ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో (/etc/network/interfaces) ఈథ్0 కింద గేట్‌వే లైను ముందు # పెట్టండి, అప్పుడు ఆ లైను పనిచేయదు. అడ్రస్, నెట్‌మాస్క్ లైన్లు ముట్టుకోవద్దు, ప్రింటర్ వాటి మీదే నడుస్తుంది.

3. ఈథ్0ని ఇఫ్‌డౌన్, ఇఫ్‌అప్ కమాండ్లతో ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఇదే అందరూ మరిచిపోయేది. ఫైల్ మార్చినంత మాత్రాన పాత రూట్ పోదు.

4. పీర్స్ ఫైల్‌లో (డయలప్ సెట్టింగులు ఉండే /etc/ppp/peers ఫోల్డర్‌లోని ఫైల్) డిఫాల్ట్‌రూట్, యూజ్‌పీర్‌డీఎన్ఎస్ (నెట్ కంపెనీ ఇచ్చే డీఎన్ఎస్ వాడమనే ఆప్షన్) రెండూ ఉండాలి. మళ్లీ డయల్ చేయండి.

రూట్ టేబుల్‌లో డిఫాల్ట్ పక్కన పీపీపీ0 కనిపించాలి. 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్ వెళ్లి, సైట్ పేరుతో వెళ్లకపోతే డీఎన్ఎస్ (సైట్ పేరును ఐపీగా మార్చేది) సమస్య ఒక్కటే మిగిలినట్టు. అప్పుడు రిజాల్వ్ ఫైల్‌లో (/etc/resolv.conf) ఉన్నది ఇక్కడ పెట్టండి, చూస్తాను.