కోసిన గట్టుకు వట్టివేరు

చిరంజీవి మోహన్‌కు పెదనాయన ఆశీస్సులు.

చంద్రగిరి ఇంటి వెనక గుట్టను జేసీబీతో కోసిన చోట వానకు మన్ను జారి గోడకు వచ్చి ఆనుతోందని రాసినావు. పైన అరడుగు ఎర్రమన్ను, కింద అంతా మొరం అన్నావు కదా, అలాంటి చోటికి లోతుగా వేరు దిగే వట్టివేరు గడ్డే తగింది. అయితే ముందు నీళ్ల దారి చూడాల. గట్టు అంచుకు రెండు మీటర్ల ఎగువన అడుగున్నర వెడల్పు, అడుగు లోతు కాలువ తీసి, గుట్ట మీది నీళ్లను పక్క వంకలోకి మళ్లించు. ఆ పని చెయ్యకుండా ఏ మొక్క నాటినా దండగే. నిలువుగా కోసినది అట్లే ఉంచొద్దు. ఎత్తు ఎంతుందో అడ్డం కనీసం అంత వచ్చేలా వాలుగా చెక్కించు.

వరసలు కచ్చితంగా అడ్డంగా, ఒకే మట్టంలో ఉండాల. కొంచెం వాలినా నీళ్లు వరస పొడుగునా పారి, దిగువ కొసన గండి కొడతాయి. కంటి అంచనా నమ్మొద్దు. మట్టం చూడ్డానికి ఆరడుగుల కర్రలు రెండు పైన కలిపి కట్టి, వాటి కాళ్లు విడదీసి, నడుమ అడ్డకర్ర వేసి, కొన నుంచి దారంతో రాయి వేలాడదీయి. దారం అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టు. కాళ్లు అటూ ఇటూ మార్చి అవే గుంటల్లో నిలిపి ఇంకో గీత పెట్టు. రెండు గీతల నడిమధ్యే మట్టం. ఈ చట్రాన్ని గట్టు వెంట జరుపుతూ, దారం అక్కడ నిలిచినప్పుడల్లా ఒక మేకు దిగేస్తూ పోతే వరస దానంతటదే వస్తుంది.

వరసకూ వరసకూ నిలువు ఎత్తులో ఒక మీటరు. నీ గట్టు ఆరు మీటర్ల ఎత్తు, నలభై మీటర్ల పొడుగు కాబట్టి ఆరు వరసలు, మొత్తం 240 మీటర్లు. పిలకకూ పిలకకూ 15 సెంటీమీటర్లు పెడితే 1600 పిలకలు, సందులు పూడ్చడానికి ఇంకో 200. దుబ్బును రెండు మూడు కాడలకు ఒక పిలక చొప్పున చీల్చి, ఆకు 20 సెంటీమీటర్లకు, వేరు 10 సెంటీమీటర్లకు కత్తిరించి, పేడ కలిపిన బురదలో ముంచి నాటు. చాలులో మాగిన ఎరువుతో పాటు మీటరుకు 100 గ్రాముల డీఏపీ వెయ్యి. మొరంలో తిండి లేక మొక్క గిడసబారితే వేరు లోతుకు దిగదు. విత్తనంతో పెంచుదామనుకోవద్దు. మన వైపు రకం మొలకెత్తే గింజ కట్టదు, అందుకే చేలల్లోకి కలుపుగా పాకదు కూడా. మైసూరు పక్క గుండ్లుపేట రైతులు ఎప్పటినుంచో పొలం హద్దుల్లో దీన్నే పెంచుతున్నారు.

జూన్, జూలైలోనే నాటు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పటికి వేరు మూడు నాలుగు నెలలు దిగి ఉండాల. అక్టోబరులో నాటితే మొదటి వాయుగుండానికే పిలకలు కొట్టుకుపోతాయి. తొలి రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత వారానికోసారి నీళ్లు. వరసల నడుమ ఖాళీ నేలకు ఉలవలు చల్లు. ఆ తీగ మన్నును కప్పుతుంది.

చచ్చిన పిలకను ఒక్క వారం కూడా వదలొద్దు. ఆ సందులోంచే నీళ్లు పరుగెత్తి, పక్క మొక్కల మొదళ్లు కూడా కోసుకుపోతాయి. లేత ఆకు మేకలకు ఇష్టం, మొదటి ఏడాది కంప వెయ్యి. నాలుగో నెలలో 20 సెంటీమీటర్ల ఎత్తుకు కోస్తే పిలకలు దండిగా వేస్తుంది. ఆ తర్వాత ఏటా రెండుసార్లు, 40 సెంటీమీటర్లు వదిలి కొయ్యి. ఎండు ఆకు మొదట్లో పేరుకుంటే చెదలు పడతాయి. వట్టివేరుకు నీడ అసలు గిట్టదు, కాబట్టి పైఅంచున కానుగ వద్దు, నీలగిరి అంతకన్నా వద్దు. గాలికి ఊగే చెట్టు బరువు ఆ అంచునే పెళ్లగిస్తుంది.

దీనికీ ఒక హద్దుంది. 2021 డిసెంబరు 1న తిరుమల ఘాట్ రోడ్డు మీద పడినట్టు పగుళ్లిచ్చిన పెద్ద బండ జారితే వేరు ఆపలేదు. నీ గట్టులో విడిపోయిన బండ గానీ, పైన వంకీ తిరిగిన పగులు గానీ కనిపిస్తే, నాటడం ఆపి ముందు ఇంజనీరును పిలిపించు.

రెండేళ్లకు దుబ్బులు బలిశాక వేరు కొంటామని ఎవరైనా వస్తారు. తడికెలకూ అత్తరుకూ దానికి గిరాకీ ఉంది. గట్టు మీది దుబ్బు ఒక్కటి కూడా తవ్వనియ్యొద్దు. అమ్ముకోవాలంటే చేని మూల వేరే మడి వేసుకో, పిలకలకూ అదే పనికొస్తుంది.

కాలువ తీసినాక కొలతలు రాయి.

మీ పెదనాయన